తోమకు అమ్మడూ

అమ్మడూ,

రోమన్ నాణేలు కొనడం మొదలుపెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లండన్‌లో మొదటి జీతం రాగానే నీకు తోచింది ఇదా అని ఎంత మురిసిపోయానో! అప్పటి నుంచి టెన్షన్ కూడా పట్టుకుంది.

నకిలీలు చాలా తిరుగుతుంటాయి. పేరున్న డీలరు దగ్గరే కొను, బిల్లు తీసుకో. నాణెం అంచులే పట్టుకో.

తోమడం మాత్రం వద్దు. నీ వయసులో నేనూ అక్కడే పనిచేశాను కదా, అప్పుడు బొటనవేలి గోరంత కంచు నాణెం కొన్నాను. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత. రెండోవైపు తోడేలు, దాని పొదుగు కింద రోమును కట్టారని కథల్లో చెప్పే కవలలు రోములస్, రెమస్, పైన రెండు నక్షత్రాలు. క్రీ.శ. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాన్‌స్టాంటినోపుల్‌ను కొత్త రాజధాని చేశాక, కొత్త నగరం పేరుతో ఒక నాణెం, పాత రోము పేరుతో ఈ నాణెం వేయించాడు. ఇల్లు మారినా కన్నతల్లిని మరవలేదన్నట్టు ఉండేది నాకు.

అంతా పచ్చగా, నల్లగా ఉందని మనసొప్పలేదు. మీ అమ్మమ్మ చింతపండుతో ఇత్తడి కుందులు తోమడం చూస్తూ పెరిగినవాణ్ణి. చింతపండు, ఉప్పు పెట్టి పది నిమిషాలు రుద్దాను. పచ్చనీళ్లు దిగుతుంటే మురికి వదులుతోందనుకున్నాను. కడిగితే ఎర్రటి బిళ్ల! తోడేలు వీపు ఒక్కటే మిగిలింది. కాళ్ల కింద టంకశాల అక్షరాలుండేవి. అది ట్రయర్‌లో వేశారో, థెస్సలోనికాలో వేశారో వాటిని చూస్తేనే తెలుస్తుంది. నేను వాటిని కాగితం మీద రాసి కూడా పెట్టుకోలేదు. బొమ్మ నిలిచింది ఆ పచ్చటి పొరలోనేనని ఆలస్యంగా తెలిసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. నువ్వు డిస్టిల్డ్ వాటర్ దాటి ఏదీ తాకించకు, వింటున్నావా? లేతపచ్చ పిండి రాలుతుంటే అది కంచుకు పట్టే తెగులు, మిగతావాటి నుంచి వేరుచేసి, తెలిసినవాళ్లకు చూపించు.

ఇంకో భయం. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు కుప్పగా దొరికాయి. నువ్వు సెలవులకొచ్చినప్పుడు పొలంలో దొరికిందంటూ ఎవరైనా చూపిస్తే కొనకు తల్లీ. దొరికిన నిధి సంగతి కలెక్టర్‌కు చెప్పాలని 1878 నుంచే చట్టముంది. వందేళ్లు దాటిన నాణేన్ని మనలాంటివాళ్లు దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. ఎయిర్‌పోర్టులో నిన్ను ఆపినట్టు కల కూడా వచ్చింది నాకు.

అందుకే నా తోడేలు బిళ్లను నీకు పంపలేను. బీరువాలోనే ఉంది. సంక్రాంతికి రా, భూతద్దం తీసి పెడతాను.

మీ మావయ్య