గుండెలో కణితి ఉందన్నారు.. ఆపరేషన్ వెంటనే చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 46 సంవత్సరాలు. కొన్ని నెలలుగా నడిస్తే ఆయాసం వస్తోంది. ఒక్కోసారి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఊపిరి ఆడనట్లు ఉంటోంది. ఇటీవల ఒకసారి కుడి చేయి కొద్ది నిమిషాలు పట్టు తప్పి, దానంతట అదే సర్దుకుంది. ఎకో పరీక్షలో ఎడమ కర్ణికలో 4 సెంటీమీటర్ల కణితి కనిపించిందని, అది మిక్సోమా కావచ్చని, త్వరగా ఆపరేషన్ చేయాలని చెప్పారు. ఇది క్యాన్సరా? ముందు ముక్క తీసి పరీక్షించకూడదా? మందులతో కరగదా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా ఆందోళనపరిచింది కణితి పరిమాణం కాదు, చేయి పట్టు తప్పడం. మిక్సోమా అనే ఈ కణితి మెత్తగా, జిగురుగా ఉంటుంది. దాని నుంచి గానీ, దానిపై పేరుకున్న రక్తపు గడ్డ నుంచి గానీ చిన్న తునక ఊడి, రక్తంతో పాటు మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మీకు వచ్చింది అలాంటి తాత్కాలిక దాడే అయివుండవచ్చు. న్యూరాలజిస్టుకు చూపించుకుని, మెదడు స్కాన్ అవసరమేమో ఇప్పుడే తేల్చుకోండి.

గుండెలోనే పుట్టే కణితులు చాలా అరుదు, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. పెద్దవారిలో తరచుగా కనిపించే క్యాన్సర్ కాని కణితి మిక్సోమా. దాదాపు నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే, రెండు కర్ణికల మధ్య గోడకు కాడతో అతుక్కుని పెరుగుతాయి. కాడ ఉన్నందున కణితి కదిలి, ఎడమ కర్ణిక నుంచి కింది గదికి రక్తం వెళ్లే మైట్రల్ కవాటానికి అడ్డుపడుతుంది; పడుకునే తీరును బట్టి ఆయాసం మారడానికి ఇది కారణం కావచ్చు. కొందరిలో జ్వరం, బరువు తగ్గడం కూడా ఉండి, అసలు వ్యాధి గుర్తించడం ఆలస్యమవుతుంది.

అయితే కర్ణికలో కనిపించేదంతా మిక్సోమా కాదు. గుండె లయ తప్పినవారిలో, మైట్రల్ కవాటం సన్నబడినవారిలో రక్తపు గడ్డ కట్టవచ్చు. కవాటానికి ఇన్ఫెక్షన్ సోకినా, వేరే అవయవంలోని క్యాన్సర్ గుండెకు పాకినా ఇలాంటి నీడే కనిపించవచ్చు. అందుకే అన్నవాహికలోకి గొట్టం పంపి చేసే ఎకోలో కాడ ఎక్కడ అతుక్కుందో చూస్తారు. అప్పటికీ అనుమానం మిగిలితే కాంట్రాస్ట్ మందు ఇచ్చి ఎమ్మారై చేస్తారు. రక్తపు గడ్డలో రక్తనాళాలు ఉండవు కాబట్టి అది సాధారణంగా ఆ మందును తీసుకోదు, కణితి తీసుకుంటుంది.

ముక్క తీసే పరీక్షను మీ విషయంలో నేను సమర్థించను. ఎడమ కర్ణికలోకి పరికరం పంపి ఇంత పెళుసైన కణితిని కదిలిస్తే, ఏ ప్రమాదాన్ని తప్పించాలనుకుంటున్నామో దాన్నే కొనితెచ్చుకున్నట్లవుతుంది. కణితిని పూర్తిగా తీశాక పాథాలజీ పరీక్షకు పంపుతారు, ఖచ్చితమైన నిర్ధారణ అప్పుడే వస్తుంది. మందులతో మిక్సోమా కరగదు. రక్తం పలుచబరిచే మందులు రక్తపు గడ్డకే పనిచేస్తాయి గనుక వాటిని సొంతంగా మొదలుపెట్టవద్దు.

1954లో స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫర్డ్ హార్ట్ లంగ్ మెషీన్ సాయంతో మిక్సోమాను మొదటిసారి విజయవంతంగా తొలగించారు. నేటికీ పద్ధతి మూలంలో అదే: యంత్రం రక్తప్రసరణను చూసుకుంటుండగా గుండెను ఆపి, కర్ణికను తెరిచి, కణితిని వీలైనంత వరకు చిదమకుండా, కాడతో పాటు అది అతుక్కున్న గోడలో కొంత భాగాన్ని కూడా కోసి తీస్తారు. గోడలో ఏర్పడిన రంధ్రాన్ని అవసరమైతే గుండె పైపొర ముక్కతో మూస్తారు. మొదలు మిగిలితే మళ్లీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఈ జాగ్రత్త ముఖ్యం. మీ వయసును బట్టి ఆపరేషన్‌కు ముందు గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్ కూడా చేస్తారు. అనుభవమున్న బృందం చేసినప్పుడు ముప్పు తక్కువ. కొందరిలో మాత్రం ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు గుండె లయ తప్పుతుంది.

వంశపారంపర్యం కాని మిక్సోమా తిరిగి రావడం 1 నుంచి 3 శాతం మందిలోనే ఉంటుంది. పెదవులపై, కనురెప్పలపై నల్లటి మచ్చలు ఉన్నా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి కణితి వచ్చినా సర్జన్‌కు తప్పక చెప్పండి. అది కార్నీ కాంప్లెక్స్ అనే జన్యు సమస్య అయితే తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువ, మీ పిల్లలకూ ఎకో చేయించాలి.

ఆపరేషన్ తేదీని వాయిదా వేయించుకోవద్దు. ఈలోగా మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి లేదా కాలు మళ్లీ బలహీనపడినా, సర్దుకుంటుందేమోనని చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, గుండెలో కణితి ఉన్న సంగతి అక్కడి వైద్యులకు మొదటే చెప్పండి.