కట్టెల గుట్ట: లెక్క, కోత, ఆరబెట్టడం

పెద్ద కట్టెల గుట్ట ఎంతుందో ఎలా తేల్చాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న.

గుట్టను శంకువు అనుకోండి. కింద వ్యాసార్థం 2 మీటర్లు, ఎత్తు 2 మీటర్లయితే 3.14×2×2×2÷3, అంటే సుమారు 8.4 ఘనపు మీటర్లు. మురిసిపోకండి, అందులో సగం గాలే! వరుసగా పేరిస్తే దాదాపు 6కు దిగుతుంది. అసలు చెక్క 4 ఉంటే ఎక్కువ.

దుంగలు పైనుంచే తీయండి, కింద లాగితే గుట్ట దొర్లి మీద పడుతుంది. కోసిన వెంటనే చీల్చేయండి. బెరడు తేమను బయటికి పోనివ్వదు, పైగా చాలా రకాల కట్టె పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలికి తేలిగ్గా లొంగుతుంది. కణుపుల దుంగలు చివరికి ఉంచండి. మొదటిరోజే వాటి జోలికెళ్తే నడుం పట్టేస్తుంది.

నేల తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పండి. తేమ 20 శాతం లోపుకొచ్చాకే పొయ్యిలోకి.