హోమ్‌స్టేకి తప్పకుండా వెళ్లండి, వీలైతే వరి కోతల రోజుల్లో వెళ్లండి

ప్రశ్న: జపాన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. శని, ఆదివారాలు ఒక జపనీస్ కుటుంబం ఇంట్లో ఉండే హోమ్‌స్టేకి పేర్లు ఇమ్మని యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నారు. నేను శాకాహారిని, జపనీస్ అంతంత మాత్రమే. వెళ్లడం మంచిదేనా?

వెళ్లండి. తిండికీ భాషకీ దారి ఉంది, కింద చెబుతాను. మీరు అడగని సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఎవరి ఇంటికి వెళ్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు అన్నది ఈ రెండిటికంటే ముఖ్యం. ఎంచుకునే వీలుంటే పట్నంలో అపార్ట్‌మెంట్ వద్దనీ, వరి పండించే ఇల్లు కావాలనీ ఫారంలో రాయండి.

నేను ఈశాన్య జపాన్‌లోని సెండాయ్‌లో వ్యవసాయం చదువుకున్నాను. మాది బాపట్ల వైపు పల్లెటూరు. నేను వెళ్లిన ఇల్లు మియాగి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ఉత్తరాన, ఒసాకిలో ఉంది. సెండాయ్ నుంచి అక్కడి స్టేషన్ ఫురుకావాకి షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో పావుగంట ప్రయాణం. స్టూడెంట్లం కాబట్టి మామూలు రైలెక్కి కొగొటాలో మారి వెళ్లాం. అది కోతల సమయం. అక్కడ సెప్టెంబర్ చివర్లో మొదలై అక్టోబర్ సగానికి దాదాపు అయిపోతాయి.

వెళ్లేముందు మాకు ఒక అవగాహన క్లాసు పెట్టారు. అందులో ఉన్నదంతా ఏం చెయ్యకూడదు అన్న జాబితానే. చాపలు పరిచిన గదిలోకి స్లిప్పర్లతో వెళ్లకూడదు. టాయిలెట్ స్లిప్పర్లు టాయిలెట్‌లోనే వదిలి రావాలి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ క్లాసు అయ్యేసరికి సగం మంది టెన్షన్‌తో పేర్లు వెనక్కి తీసుకున్నారు. గుమ్మం బయట చెప్పులు విడవడం మనకి కొత్తా? పిండం పెట్టే పద్ధతి వేరు, తినే పద్ధతి వేరు అని మనకి ఎవరైనా విడమరిచి చెప్పాలా? తెలుగు ఇంట్లో పెరిగిన మనిషికి ఆ జాబితాలో చాలా భాగం ముందే వచ్చు. నిజంగా కొత్తది స్నానం ఒక్కటే. తొట్టె బయటే కూర్చుని సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టెలో దిగాలి. ఆ నీళ్లలోనే ఇంట్లో మిగతావాళ్లూ దిగుతారు కాబట్టి నీళ్లు వదిలేయకుండా మూత పెట్టి రావాలి. మొదటి వంతు అతిథికే ఇస్తారు. అంతకు మించి భయపడాల్సింది ఏమీ లేదు.

ఆ ఇంట్లో తాతగారు, మామ్మగారు, వాళ్ల కొడుకు, కోడలు, బడికి వెళ్లే మనవరాలు ఉన్నారు. కొడుకుకి పట్నంలో ఉద్యోగం, సెలవు రోజుల్లో మాత్రం కంబైన్ మీద ఉంటాడు. ఇంటికి వాయవ్యం వైపు ఎత్తుగా చెట్లు పెంచారు, చలికాలపు గాలిని ఆపడానికి. అక్కడ దాన్ని ఇగునే అంటారు. ఈ చెట్లూ, పొలాలకి నీళ్లు పంచుకునే కాలవలూ అన్నీ కలిపి ఒసాకి ప్రాంతాన్ని 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఈ విషయం నాకు కోడలు చెప్పింది. తాతగారైతే చెట్టు నరికితే కలప, వదిలేస్తే నీడ అని ఊరుకున్నారు.

అమ్మకానికి పోయే పంటంతా కంబైన్‌తో కోసి మెషిన్‌లో ఆరబెడతారు. ఇంట్లోకి కావలసిన బియ్యం వరకు మాత్రం తాతగారు పాత పద్ధతిలో ఎండలో ఆరబెడతారు. పొలంలో మనిషి ఎత్తు దాటిన కర్ర పాతి, నేలకి తగలకుండా కింద ఒక అడ్డకర్ర కట్టి, దాని మీద వరి కట్టలను ఒక్కో వరసకీ దిక్కు మారుస్తూ చుట్టూ పేర్చుకుంటూ పోతారు. చిన్న గడ్డివాములు బారుగా నిలబడ్డట్టు ఉంటాయి. నన్ను పొలం గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు, చేతికి టీ ఇచ్చారు. అతిథికి అక్కడ జరిగే మర్యాద అది. అలా కూర్చోవడం నాకు నచ్చలేదు. "నేనూ చేస్తాను తాతగారూ" అన్నాను, నాకు వచ్చిన జపనీస్‌లో. ఆయన నవ్వి వద్దన్నారు. నేను లేచి వెళ్లి కోసిన వరి ఒక గుప్పెడు తీసుకున్నాను. నాలుగు గడ్డిపోచలు చుట్టూ తిప్పి, మెలిపెట్టి, కొస లోపలికి దోపి ఆయన చేతిలో పెట్టాను. మా నాయనమ్మ కట్టే కట్ట అది. చిన్నప్పుడు ఆమె వెనకాలే తిరిగి నేర్చుకున్నాను.

ఆయన ఆ కట్టని అటూ ఇటూ తిప్పి చూశారు. గట్టిగా ఒక్కసారి విదిలించారు, ఊడలేదు. మాటేమీ లేకుండా దాన్ని కర్రకి వేశారు. తర్వాత నా ముందు వరి కుప్ప పెట్టి వెళ్లిపోయారు. మామ్మగారు లోపలికి వెళ్లి పొలం బూట్లు, మెడ వరకు కప్పే టోపీ తెచ్చి ఇచ్చారు. పొద్దుగూకేదాకా పనిచేశాం. ఆ మధ్యాహ్నం మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆ తర్వాత నన్ను ఎవరూ కుర్చీలో కూర్చోమనలేదు, టీ నేనే పోసుకున్నాను, గిన్నెలు తుడిచాను. భాష గురించి మీకున్న భయానికి నా జవాబు ఇదే. చేతికి పని ఉంటే ఆ వారాంతానికి మీకున్న జపనీస్ సరిపోతుంది. కిమోనో కట్టించి ఫొటోలు తీసి పంపే హోమ్‌స్టేల్లో పనే ఉండదు కాబట్టి మాటల కోసం వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది. వాటిని నేను ఎవరికీ చెప్పను.

రాత్రి భోజనాల దగ్గర తాతగారు "మీ ఇంట్లో ఏ బియ్యం తింటారు?" అని అడిగారు. పేపర్‌లో వచ్చే పాంప్లెట్లలో వెనక ఖాళీగా ఉన్నవాటిని ఆ ఇంట్లో రాసుకోవడానికి దాచుకుంటారు. ఒకటి తీసుకుని మన బీపీటీ వంశవృక్షం గీశాను. సాంబ మసూరి అని మనం తినే బీపీటీ 5204ని బాపట్లలో తయారుచేసి 1986లో విడుదల చేశారు. దాని పూర్వీకుల్లో ఒకటి మసూరి, మలేషియాలో 1965లో వచ్చింది. ఆ మసూరికి ఒకవైపు అక్కడి రకం, మరోవైపు తైచుంగ్ 65. ఆ తైచుంగ్ 65ని, తైవాన్ జపాన్ పాలనలో ఉన్న రోజుల్లో, కమేజీ, షిన్రికి అనే రెండు జపాన్ రకాలను కలిపి చేశారు. అంటే మన ఇళ్లలో రోజూ ఉడికే సన్నన్నంలో జపాన్ వరి అంశ ఉంది. తాతగారు షిన్రికి దగ్గర వేలు పెట్టి, "ఇది పడమటి వైపుది. మా వైపుది ఐకొకు" అని పక్కన ఆ పేరు రాశారు. ఆపైన కాగితం ఆయన చేతిలోకి వెళ్లిపోయింది.

1993 కథ అప్పుడే చెప్పారు. ఆ వేసవిలో సముద్రం మీంచి యమాసే అనే చలిగాలి ఆగకుండా వీచింది. ఆయన పొలమంతా ససానిషికి. 1963లో మియాగిలోనే పుట్టిన రకం, రుచికి పేరున్నది, చలికి మాత్రం తట్టుకోదు. గింజ పాలు పోసుకోలేదు, వెన్నులు తలవంచకుండా నిటారుగానే ఉండిపోయాయట. ఆ ఏడు దేశం మొత్తం మీద దిగుబడి మామూలులో 74 శాతానికి పడిపోయింది, థాయ్‌లాండ్ నుంచి బియ్యం తెప్పించుకున్నారు. ఆ పొడుగు బియ్యాన్ని జనం కుక్కర్‌లో తమ బియ్యంలాగే వండి బాగాలేదన్నారట. మామ్మగారు మాత్రం ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి గంజి వార్చడం నేర్చుకున్నానన్నారు. వార్చడం ఎలాగో చేతులతో చూపించారు, మూత అడ్డం పెట్టి గిన్నె వంచడం, అచ్చం మన పద్ధతే. మరుసటి ఏడు తాతగారు చలికి తట్టుకునే హితొమెబొరె అనే రకానికి మారిపోయారు. ఇంట్లోకి మాత్రం ఒక మడిలో ఇప్పటికీ ససానిషికి వేస్తారు. మేం కర్రలకి ఆరేసింది అదే.

ఇక్కడ మన గురించి ఒక మాట. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా అమ్మ నన్ను ఆ బూట్లలో చూసి, "పై చదువులకి పంపితే అక్కడా పొలం పనేనా?" అని బాధపడింది. అమ్మని తప్పుపట్టను, ఆ పని నుంచి నన్ను తప్పించడానికే వాళ్లు అప్పు చేశారు. అయినా అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన పిల్లలు కూడా వరి కట్ట కట్టడం రాకుండా బయటికి వస్తున్నారంటే నాకు కోపమే వస్తుంది. జపాన్‌లో వ్యవసాయమే వృత్తిగా ఉన్నవాళ్ల సగటు వయసు 67 దాటింది. ఆ తాతగారి తర్వాత ఆ మడి ఎవరు చేస్తారో కొడుకే చెప్పలేకపోయాడు. మన డెల్టా పల్లెల్లోనూ నాకు అదే కనిపిస్తోంది, కాకపోతే మనం దాని గురించి మాట్లాడుకోం. ఇంకో బాధ, అక్కడి తెలుగు విద్యార్థుల్లో చాలామంది ప్రతి వారాంతం ఒకరి గదిలో చేరి బిర్యానీ వండుకుని, చదువైపోయి తిరిగి వెళ్లేదాకా ఒక్క జపనీస్ ఇంటి గడప తొక్కరు. అంత డబ్బు పోసి వెళ్లినవాళ్లకి అది పెద్ద నష్టం.

ఇక మీ తిండి సంగతి. "శాకాహారిని" అని మాత్రమే రాస్తే చాలదు. మిసో అనే పులిసిన సోయా ముద్దతో చేసే సూప్‌లో, ఉడికించిన కూరల్లో ఎండు చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. దాన్ని వాళ్లు చేపగా లెక్కపెట్టరు. మాంసం, చేప, చేపతో కాచిన దాషి వద్దు, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన దాషి అయితే ఫర్వాలేదు అని విడివిడిగా జపనీస్‌లో రాయించండి. దుకాణంలో దొరికే కర్రీ ముద్దల్లో చాలావాటిలో పశువుల కొవ్వు ఉంటుంది. నత్తో అనే పులియబెట్టిన సోయాగింజలు శాకాహారమే కానీ దాంతో వచ్చే చిన్న సాస్ ప్యాకెట్‌లో తరచుగా చేప సారం కలుస్తుంది. ఇలా రాసిస్తే ఏం పెట్టాలో వాళ్లే చూసుకుంటారు. నాకు గుమ్మడికాయ, వంకాయ టెంపురా, టోఫు, ఉమెబొషి అనే ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దలు చేశారు. పచ్చి సోయాగింజలు నూరి మోచీకి, అంటే జిగురు బియ్యపు ముద్దకి పట్టించే జుందా మోచీ కూడా పెట్టారు, అది మియాగి వాళ్ల ప్రత్యేకం, వెళ్తే వదలకండి. మీరు పులిహోర చేసిపెట్టాలనుకుంటే బియ్యం మీరే తీసుకెళ్లండి. జపాన్ బియ్యంలో అన్నం పొడిపొడిగా ఉండేలా చేసే అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ, పులిహోర పొడిపొడిగా రాదు.

నాట్లకి వెళ్లాలంటే మే నెల, ఏప్రిల్ మొదట్లోనే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. కోతలకైతే ఆగస్టులో అడగండి. పొలం బూట్లు వాళ్లే ఇస్తారు, మీ పాదం కొలత సెంటీమీటర్లలో ముందే రాసి పంపండి.