కోట చూడు, కాపురం మాత్రం కిందే పెట్టు

లొల్ల, కోనసీమ

బుజ్జమ్మకి పెదనాన్న ఆశీస్సులు.

జైసల్మేర్ వెళ్తున్నామని, కోట లోపలే హోటల్ చూశామని నువ్వు ఫోన్లో అంటుంటే నేను "ఆగు, ఆగు" అన్నాను. ఈలోగా సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం. డబ్బు కట్టకపోతే ఇంక కట్టొద్దు. కట్టేసి ఉంటే ఎంత వెనక్కి వస్తుందో అల్లుణ్ణి కనుక్కోమను.

మేమూ నీలాగే ముచ్చటపడి లోపలే దిగాం. రాత్రి పదిన్నరకి ఆటోవాడు కోట చౌక్‌లో వదిలేశాడు. అక్కణ్ణుంచి రాళ్ళు పరిచిన సందుల్లో పెట్టె లాక్కుంటూ వెళ్తే ఒక ఆవు దారికి అడ్డంగా పడుకుని లేవనంది. మీ పెద్దమ్మ దానికి తెలుగులోనే నచ్చజెప్పింది. అదంతా సరదాగానే ఉంది. పొద్దున్న లేచి చూస్తే బాత్రూమ్ గోడకి జానెడెత్తు నెమ్ము. ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఎడారిలో నెమ్మేంటి? మన దగ్గర వెయ్యి దాటి పడుతుంది కాబట్టి గోడకి నెమ్మంటే మనకి లెక్కే లేదు. అక్కడ మాత్రం నాకు భయమేసింది. 30 ఏళ్ళు కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి, గట్టుకి బుంగ పడబోతోందని చెమ్మ చూస్తేనే తెలుస్తుంది.

ఆ కోటని రావల్ జైసల్ 1156లో త్రికూట కొండ మీద కట్టించాడు. 99 బురుజులు, ఒకదాని లోపల ఒకటిగా ప్రాకారాలు, లోపల ఊరు. అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయిన కోట కాదది. ఇప్పటికీ వేలమంది అక్కడే వండుకుని తింటున్నారు. ఒకప్పుడు కింద గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చిన నీళ్ళే వాళ్ళకి దిక్కు. మోసిన నీళ్ళని ఎవరూ పారబొయ్యరు కదా. తర్వాత పైపులొచ్చాయి, హోటళ్ళొచ్చాయి, షవర్లొచ్చాయి. ఆ నీళ్ళన్నీ బయటికి పోయే దారి సరిగ్గా లేక కొండలోని మట్టి పొరల్లోకి ఇంకుతున్నాయి. అడుగు మెత్తబడితే పైన రాయి ఎంత గట్టిదైతే ఏం లాభం? 1990ల్లో కొన్ని బురుజులు కూలాయి. మేం వెళ్ళొచ్చాక, 2024 ఆగస్టు వానలకి ప్రాకారంలో మరికొంత పడిపోయింది. యునెస్కో 2013లో రాజస్థాన్ కొండకోటలు ఆరింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఇదీ అందులో ఒకటి.

లోపలి వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళ పొట్టకూడు అది. టీ అక్కడే తాగండి, కొనుక్కునేవి అక్కడే కొనండి. స్నానాలు మాత్రం కింద ఊళ్ళో చెయ్యండి. కింద హోటల్ మేడెక్కితే కోట మొత్తం కనబడుతుంది, లోపల ఉంటే కనబడేది ఎదురింటి గోడే. సాయంత్రం వ్యాస్ ఛత్రీ దగ్గరికి వెళ్ళండి, పాతకాలం సమాధి మండపాలవి. పొద్దు వాలేటప్పుడు ఆ పసుపు రాయి పండిన వరిచేను రంగులోకి తిరుగుతుంది.

ఎప్పుడు వెళ్ళాలంటావా? పిల్లలకి సంక్రాంతి సెలవులు కాబట్టి అప్పుడే అన్నావు. పండగ ఇంట్లో చేసుకోకుండా వెళ్తే మీ అమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను. డిసెంబరు మొదట్లో వెళ్ళండి, సార్వా (తొలకరి పంట) కోతలు చూసుకునే వాళ్ళు మీ ఇంట్లో ఎలాగూ ఉన్నారు. పిల్లలకి నాలుగు రోజులు బడి పోతే పోయింది. క్రిస్మస్ వారం వద్దు, అద్దెలు మండిపోతాయి. మనకి అంతర్వేది తీర్థం జరిగే రోజుల్లోనే, మాఘ పౌర్ణమికి అక్కడ ఎడారి ఉత్సవం. చూడాలనుంటే వెళ్ళొచ్చు కానీ రూములు చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఎండాకాలం ఆలోచనే వద్దు. చలికాలం రాత్రుళ్ళు మాత్రం గట్టిగా వణికిస్తుంది. అందరికీ స్వెట్టర్లు కొను, మన దుప్పట్లు చాలవు.

హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్‌కి విమానం, అక్కణ్ణుంచి రైల్లో ఐదారు గంటలు. పగటి రైలు చూడు, కిటికీలోంచి పచ్చదనం తగ్గిపోతుంటే పిల్లలు చూడాలి. మూడు రాత్రులు ఉండండి. ఐదు రోజుల్లో జైపూర్, ఉదయ్‌పూర్ కూడా కలిపే ప్యాకేజీ అంటే బస్సులో నిద్రపోవడానికి డబ్బు కట్టడమే.

కోటకి పొద్దున్నే వెళ్ళండి. నాలుగు ద్వారాలు దాటి ఎక్కాలి, దారి రాళ్ళు అరిగి నున్నబడ్డాయి. మీ అత్తగారి మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి ఆవిడకి ఆటో మాట్లాడండి, మీరు నడవండి. లోపల తిరగడానికి టికెట్ లేదు, రాజమహల్‌కి ఉంది. జైన దేవాలయాలు ఏడు ఉన్నాయి, వాటిని పొద్దున్నే చూసుకోవాలి. తోలు బెల్టు, పర్సు లోపలికి రానివ్వరు. అల్లుడికి ముందే చెప్పు, నేను ప్యాంటు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

పట్వాల హవేలీ అందరూ చూపిస్తారు, హవేలీ అంటే పాతకాలం పెద్ద మేడ. నువ్వు నథ్‌మల్ హవేలీ కూడా చూడు. దాన్ని అన్నదమ్ములిద్దరు చెరో పక్క చెక్కారట. దూరం నుంచి ఒకేలా ఉంటుంది, దగ్గరకెళ్ళి చూస్తే రెండు పక్కలూ ఒక్కటి కాదు. పిల్లల్ని తేడాలు వెతకమను, గంట గడిచిపోతుంది, మీరు కూర్చోవచ్చు.

ఇసుక దిబ్బలకి శామ్ వెళ్తారు, 40 కిలోమీటర్లు. ఒంటె సవారీ కావాలంటే అక్కడికెళ్ళి మీరే బేరమాడుకోండి. మేం దిగిన చోట ముందే కొనమని ఒకటే పోరు, వద్దన్నాక వేడినీళ్ళు కూడా ఆలస్యంగా వచ్చాయి.

తిండి గురించి టెన్షన్ పడకు. అన్నం దొరుకుతుంది, మన సన్నన్నం కాదు, అంతే. ఆవకాయ, కందిపొడి మాత్రం సర్దు. కేర్ సంగ్రీ కూర తప్పకుండా తినండి. సంగ్రీ అంటే ఏంటో తెలుసా? జమ్మికాయలు! దసరాకి మనం ఆకు తెచ్చుకుని దణ్ణం పెట్టే చెట్టు కాయల్ని వాళ్ళు ఎండబెట్టి ఏడాదంతా కూర వండుకుంటారు.

గడీసర్ చెరువు ఆఖరి రోజుకి ఉంచుకో. పంజాబ్‌లో హరికే దగ్గర బయల్దేరే ఇందిరాగాంధీ కాలవ నీళ్ళే ఇప్పుడు ఆ ప్రాంతానికి ఆధారం. నేను ఆ గట్టు మీద కూర్చుని, నీళ్ళు ఎంత దూరం నుంచి వచ్చాయో లెక్కేసుకుంటుంటే మీ పెద్దమ్మ "ఇక్కడికొచ్చినా కాలవేనా" అని విసుక్కుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎండు సంగ్రీ అరకిలో తీసుకురా. మేం తెచ్చింది కిందటి వానాకాలం బూజు పట్టింది.

మీ పెదనాన్న