బాంబే పైనా, వరంగల్ పైనా?

చిట్టితల్లీ,

ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే పని మొదలైందని మీ అమ్మ చెప్పింది. బాంబే ఐఐటీలో మెటలర్జీ, అంటే లోహాల ఇంజనీరింగ్ రావచ్చు, వరంగల్ ఎన్ఐటీలో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ రావచ్చు అంటున్నారు. మీ నాన్న అప్పుడే సగం ఊరికి బాంబే అని చెప్పేశాడట! ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి, ఏటా ఇదే పంచాయితీ చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

ముందు లిస్టు సంగతి. చాలామంది పోయినేడాది క్లోజింగ్ ర్యాంకులు (ఏ సీటు ఏ ర్యాంకు దాకా వచ్చిందో) చూసి, అదే వరసలో ఆప్షన్లు పెట్టేస్తారు. అది ఊళ్లోవాళ్ల ఇష్టం, నీది కాదు. నీ ర్యాంకుకి అందేవాటిలో నువ్వు అన్నిటికన్నా పైన పెట్టినదే వస్తుంది. అది వచ్చాక దాని కింద పెట్టినవి ఇక రావు. వచ్చిన సీటు ఉంచుకుని ఇంకా పైది వస్తే మారతానని ఫ్లోట్ పెట్టినా, నీ లిస్టులో పైకే వెళ్తావు. ఐఐటీ సీటు ఉంచుకుని చేరిపోయాక మళ్లీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయనివ్వరు కూడా. అందుకని ‘ముందు చేరదాం, తర్వాత చూద్దాం’ అనుకోవద్దు.

బ్రాంచి మార్చుకోవచ్చులే అన్నవాళ్ల మాట అసలు వినకు. కొన్ని ఐఐటీలు అది ఎత్తేశాయి. ఉన్నచోటా మొదటి ఏడాది బాగా పైన నిలిచిన కొద్దిమందికే. అక్కడ క్లాసులో అందరూ వాళ్ల వాళ్ల కాలేజీల్లో ఫస్టులే మరి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. బాంబే వెబ్‌సైట్‌లో మెటలర్జీ సిలబస్ తీసి, రెండో ఏడాది నుంచి చదువు. తర్వాత ఐఐటీల వాళ్ల వీడియో పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో ఫేజ్ డయాగ్రమ్స్ పాఠం ఒకటి పెట్టుకో, ఉచితమే. ఇనుములో కాస్త కార్బన్ కలిస్తే ఉక్కు ఎందుకవుతుంది, ఆ ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఎందుకు గట్టిపడుతుంది, మెల్లగా చల్లారిస్తే ఎందుకు మెత్తబడుతుంది, ఇలాంటివి అర్థమవుతాయి. విన్నాక రెండో పాఠం నీ అంతట నువ్వే నొక్కితే బాంబే పైన పెట్టెయ్. మధ్యలో వాట్సాప్ చూశావనుకో, అక్కడ మూడేళ్లూ అలాంటి పాఠాలే. సీఎస్ఈలో వచ్చే డేటా స్ట్రక్చర్స్ పాఠంతోనూ ఇలాగే చూసుకో. సీఎస్ఈ అంటే జీతం తప్ప ఇంకేమీ గుర్తురాని పిల్లలు నాకు చాలామంది తెలుసు.

బాంబేని తక్కువ చెయ్యను. మైనర్ కింద వేరే డిపార్ట్‌మెంటు సబ్జెక్టులు తీసుకోవచ్చు, చుట్టూ ఉన్న పిల్లల దగ్గరే సగం నేర్చుకోవచ్చు. ఏం కావాలో ఇంకా తేలనివాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు. నువ్వు అలా కాదు, ఎనిమిదో తరగతి నుంచీ ప్రోగ్రాములు రాస్తూ కూర్చునేదానివి. అందుకే నా ఓటు వరంగల్‌కి. అదేం చిన్న కాలేజీ కాదు, దేశంలో మొదటి ఆర్ఈసీ (ఎన్ఐటీల పాత పేరు, రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ). 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ప్లేస్‌మెంట్లలో కోటి రూపాయల ప్యాకేజీ చూసి మురిసిపోకు, నీ బ్రాంచి మీడియన్, అంటే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం ఎంతో అడుగు. అదీ సెకండియర్, థర్డియర్ వాళ్లనే అడుగు, యూట్యూబ్‌ని కాదు.

లాక్ చేసే ముందు ఫోన్ చెయ్యి. వరంగల్ పైన పెడితే మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ మామయ్య