క్యారల్ రౌండ్స్‌కు బయల్దేరే ముందు

బిడ్డా, వందనాలు.

యౌవనస్తుల సెక్రటరీ పని ఈసారి నీకు అప్పజెప్పిన్రని పాస్టర్‌గారు చెప్పిండు. డిసెంబరు రౌండ్స్ ఎట్ల నడపాలని అడిగినవు కాబట్టి ఆ ఒక్క సంగతే రాస్తున్న. సెమీ క్రిస్మస్ (పండుగకు ముందే చేసుకునే వేడుక), నాటిక, ఆటల పోటీలు ఒక్క పూట పని, వాటి గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. రౌండ్స్ అంటే క్రిస్మస్ పాటలు పాడుకుంట ఇంటింటికీ పోయే పని. ఒక్క ఇల్లు తప్పితే ఆ ఇంటోళ్లు మళ్ల క్రిస్మస్ దాకా యాది పెట్టుకుంటరు.

మొదట లెక్క చూసుకో. మీ సంఘంల 64 ఇండ్లున్నయనుకో. ఇంటికి పాట 3 నిమిషాలు, వాక్యం ప్రార్థన 2, పలకరింపు కానుక 3, ఇంకో ఇంటికి నడక 4. అంటే 12 నిమిషాలు. రాత్రి 7 నుంచి 10 దాకా 180 నిమిషాలుంటయి, 15 ఇండ్లయితయి. 64 ఇండ్లకు ఐదు రాత్రులు కావాలె, వానకో చావుకో ఇంకో రాత్రి చేతుల ఉంచుకో. మూడు రాత్రుల్ల ముగిద్దామనుకున్నోళ్లే ఒంటిగంటకు నిద్రపోయేటోళ్ల తలుపులు కొడతరు. ఏడు కంటే ముందు పోతే లాభం లేదు. పత్తి ఏరబోయిన ఆడోళ్లు అప్పుడే ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తుంటరు. పది దాటితే మైకు పెట్టుడు చట్టం ఒప్పుకోదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్ల రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం. అసలు రౌండ్స్‌కు మైకు ఎందుకో నాకు అర్థం కాదు. వాకిట్ల నిలబడి పాడే పాటకు గొంతు చాలదా?

లిస్టు రాసేటప్పుడు రిజిస్టర్ ఒక్కటే చూడకు. గుడికి రావుడు బందు చేసినోళ్లు, మంచం పట్టిన ముసలోళ్లు, పిల్లలు హైదరాబాద్‌లనో పుణెలనో పనికి పోతే ఒక్కతే ఉన్న అవ్వ, వీళ్లే ఎక్కువ ఎదురుచూస్తరు. మా ఇంటికీ రమ్మని పిలిచే వేరే మతపోళ్ల ఇండ్లు గూడ రాసుకో. నిరుడు ఆఖరున పడ్డ వాడకట్టుతోని ఈసారి మొదలువెట్టు. ఎప్పుడూ పెద్దిండ్ల కాడనే షురూ చేసి, చివరి గల్లీకి చేరేసరికి గొంతులు పోయి, ఒక్క చరణంతోని సరిపెట్టుడు మంచిగుండదు. ఆ గల్లీ వాళ్లకు అది కనబడుతది.

ఈ ఏడాది చావు జరిగిన ఇంటి పక్కన లిస్టుల గుర్తు పెట్టు. అక్కడ డప్పు మూల మీదనే ఆపాలె. క్రిస్మస్ తాత వేషం వేసినోడు బయటనే ఉండాలె. ఐదారుగురే లోపటికి పోయి, మెల్లగ ఒక కీర్తన పాడి, కూసొని ప్రార్థన చేసి రావాలె. వాళ్లు బాధపడతరేమోనని ఆ ఇల్లు దాటిపోతే ఇంకా ఎక్కువ బాధ.

పాటలు ఆరు చాలు. పెద్దలకొచ్చిన పాత కీర్తనలు మూడు, మీకొచ్చిన కొత్తవి మూడు. నవంబరుల నాలుగు ఆదివారాలు ఆరాధన అయినంక ముప్పావుగంట ప్రాక్టీస్ పెట్టు. శనివారం రాత్రి పట్నం నుంచి దిగే పిల్లలకు ఆడియో ముందే వాట్సాప్‌ల పంపు. పాట ఎత్తుకునేది ఇద్దరే, వాళ్లెవరో ముందే ఖాయం చెయ్యి. తప్పు జరిగేది ఎత్తుకునే కాడనే. మగపిల్లలు ఊపుల పల్లవి పైకెత్తుతరు, చరణం పైకి పొయ్యే కాడ అందరి గొంతులూ ఒక్కసారే మూగవోతయి. పల్లవి మొదలువెట్టకముందు చరణంల అన్నిటికంటే ఎత్తు లైను నోట్లనే అనుకొని చూసి, దాన్ని బట్టి శ్రుతి పట్టుకోవాలె. ఇంకో సంగతి, గద్వాల, దేవరకొండ దిక్కు ఎం.బీ. (మెన్నొనైట్ బ్రదరెన్) సంఘాల నుంచి వచ్చిన కోడళ్లకూ, నల్లగొండ బాప్టిస్టు సంఘాల్ల పెరిగినోళ్లకూ ఒకటే కీర్తన రాగం కొంచెం తేడా ఉండొచ్చు. ఏది పాడాలో ప్రాక్టీస్‌లనే తేల్చుకోండ్రి, వాకిట్ల కాదు.

కీబోర్డు వద్దు. డప్పు, ఢోలక్, కంజీర చాలు. తోలు డప్పయితే మంచుకు సడలుతది, మోత చచ్చిపోతది. నాలుగైదు ఇండ్లకోసారి వరిగడ్డి మంట మీద మూరెడు ఎత్తుల తిప్పుకుంట కాచాలె. వేలితోని కొట్టి చూస్తే గణగణ మోగాలె. ఒక్కకాడనే పట్టుకుంటే అంచు దగ్గర తోలు చిట్లుతది. ఈ కాలంల మన ఊర్లల్ల ప్రతి మూడో ఇంట్ల పత్తి కుప్ప ఉంటది, అందుకే గడ్డి మంట ఊరి బయట ఖాళీ జాగలనే. కొవ్వొత్తులు, టపాకాయలు కూడ వద్దే వద్దు. క్రిస్మస్ తాత గడ్డం కూడ దూదే కదా.

నక్షత్రం కొనకుండ్రి, చేసుకోండ్రి. మూడడుగుల వెదురు బద్దలు పది కావాలె. ఐదింటితోని ఒక చుక్క, ఐదింటితోని ఇంకోటి కట్టి, రెండిటినీ ఐదు కొసల కాడ కలిపి కట్టాలె. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల జానెడు పుల్లలు అడ్డం పెడితే నడుమ ఉబ్బుతది. పలుచటి రంగు కాగితం మంచుకు మెత్తబడి చినుగుతది, గ్లాస్ పేపర్ (వెలుగు బయటికి కనబడే సెల్లోఫేన్ కాగితం) అతికించు. మైదా జిగురుల చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, కాని అది విషం, చిన్నపిల్లలను ముట్టనియ్యకు. లోపల ఐదు వాట్ల యూఎస్‌బీ లైటు, పది వేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు పెడితే మూడు గంటలు ఢోకా లేదు.

కానుకల కాడనే సంఘాలు చీలుతయి, ఇది జర మనసు పెట్టి చదువు. కవరు ఇంట్ల విప్పొద్దు. కవరు మీద ఇంటి నంబరు వేసి తాళం పెట్టెల వెయ్యాలె. తాళంచెవి ట్రెజరర్ కాడ, పెట్టె మీ కాడ. ఆ రాత్రే గుడిల ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంల రాసి, ఇద్దరూ సంతకం చెయ్యాలె. ఫోన్‌పే చేస్తమంటే సంఘం ఖాతా క్యూఆర్ మాత్రమే చూపియ్యి. నీ నంబరుకు ఒక్క వంద రూపాయలొచ్చినా, సంక్రాంతి నాటికి అది వెయ్యయి ఊరంత తిరుగుతది. చాయ్ పైసలు, బిస్కెట్ల పైసలు పెట్టెల నుంచి తియ్యొద్దు, ఖర్చులకు ట్రెజరర్ కాడ ముందే అడ్వాన్సు తీసుకొని బిల్లులియ్యి. ఆదివారం మొత్తం ఎంతొచ్చిందో చదువు, ఎవరెంత ఇచ్చిన్రో చదవకు.

చాయ్ సంగతి కూడ ముందే ఆదివారం ప్రకటనల చెప్పించు, రాత్రికి రెండు ఇండ్లల్లనే తాగుతమని. లేకుంటే పక్కింటోళ్లు కేకు పెట్టిన్రని కూలికి పొయ్యే ఇల్లు అప్పు చేసి పెడుతది.

పదేండ్ల లోపు పిల్లలు ఎనిమిదిన్నరకు ఇంట్ల ఉండాలె. ఆడపిల్లలను ఇద్దరు పెద్దలు, అందుల ఒకరు ఆడమనిషి, గుమ్మం దాకా దించిరావాలె. బైకుల మీద ముగ్గురు ముగ్గురు పోవద్దు. 65 నంబరు హైవే పక్క ఇండ్లకు పోయేటప్పుడు ట్రాక్టర్ ట్రాలీ ఎక్కకుండ్రి. నడిస్తే కుడిపక్క, ఎదురొచ్చే బండ్లు కనబడేటట్టు నడవాలె. ముంగట ఒక టార్చి, ఎనుక ఒక టార్చి.

నవంబరు ఆఖరు ఆదివారం లోపల లిస్టు రాసి నాకు ఒక ఫోటో పెట్టు. ఏ ఇండ్లు రాయుడు మర్చిపోయిన్రో చూసి చెప్త.