ముందు గీత రంగు చూడండి: మాస్ ఎఫెక్ట్ ప్రశ్నలు, జవాబులు

బయోవేర్ స్టూడియో 2007, 2010, 2012లో తెచ్చిన మాస్ ఎఫెక్ట్ అనే వీడియో గేమ్ మూడు భాగాలూ 2021 మే 14న లెజెండరీ ఎడిషన్ పేరుతో ఒకే మూటగా వచ్చాయి. కాల్పుల మధ్యలో ఆటను నిలిపి, జట్టుకు ఆజ్ఞలిచ్చి, మళ్లీ నడిపించడం ఈ ఆటల ప్రత్యేకత. ఈసారి ప్రశ్నలన్నీ వీటి గురించే.

ప్రశ్న: రెండో భాగం ఇన్సానిటీలో (అన్నిటికంటే కష్టమైన స్థాయి) అడెప్ట్‌గా (తుపాకీ కంటే బయోటిక్ శక్తులనే నమ్ముకునే పాత్ర) ఆడుతున్నా. ఎన్నిసార్లు పుల్ వేసినా శత్రువు గాల్లోకి లేవడం లేదు. మొదటి భాగంలో బాగా లేచేవాళ్లు. హొరైజన్ మిషన్ దాటలేకపోతున్నా. ఏం చేయాల?
– పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ గురి బాగానే ఉంది. రెండో భాగంలో నియమమే మారింది. శత్రువు మీద గురిపెట్టినప్పుడు కనిపించే గీత రంగు చూడండి. నీలం అంటే షీల్డ్, ఊదా అంటే బ్యారియర్, పసుపు అంటే ఆర్మర్, ఎరుపు అంటే ప్రాణం. ఎరుపు కాక ఇంకే రంగు మిగిలి ఉన్నా పుల్, విసిరికొట్టే థ్రో శక్తులు అతన్ని లేపలేవు. ఇన్సానిటీలో మామూలు సిపాయికి కూడా ఏదో ఒక రక్షణ పొర ఉంటుంది. దానికి తోడు, మొదటి భాగంలో ఏ శక్తి రీఛార్జ్ (మళ్లీ వాడేందుకు పట్టే సమయం) దానిదే. రెండో భాగంలో ఒకటి వాడితే మిగతావన్నీ దానితో పాటే ఆగుతాయి. అందుకే ఒక్క పుల్ వృథా అయినా కొన్ని సెకన్లు మీ చేతులు కట్టేసినట్టే.

పొరలు ఒలిచే పని జట్టుకు అప్పగించండి. వాళ్ల రీఛార్జ్‌కూ మీ రీఛార్జ్‌కూ సంబంధం లేదు. నీలానికి మీ జట్టులోని గారస్ లేదా మిరాండా దగ్గరున్న ఓవర్‌లోడ్. ఊదాకు వార్ప్. పసుపుకు వార్ప్ గానీ మోర్డిన్ ఇన్సినరేట్ గానీ. మీ సబ్‌మెషీన్ గన్ షీల్డ్, బ్యారియర్లను త్వరగా కరిగిస్తుంది, ఆర్మర్ మీద తేలిపోతుంది. అక్కడ పిస్టల్ తీయండి. జట్టులోని కసుమి లాయల్టీ మిషన్‌లో (ఆమె నమ్మకం గెలిచే మిషన్) దొరికే ఎం-12 లోకస్ట్ దూరం నుంచి కూడా గురి తప్పదు. అడెప్ట్‌కు అంతకంటే మంచి తుపాకీ ఆశించనక్కర్లేదు.

ఇక వరుస. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఆట నిలుస్తుంది. షీల్డ్ ఉన్నవాడి మీద గారస్‌తో ఓవర్‌లోడ్ వేయించి షిఫ్ట్ వదలండి. ఎరుపు కనబడ్డాక మీరు పుల్ వేయండి. వాడు గాల్లో తేలుతుండగానే మిరాండాతో వార్ప్ వేయిస్తే పేలుడు పుడుతుంది, పక్కవాళ్లకూ దెబ్బ తగులుతుంది. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: మూడు ఆజ్ఞలనూ ఒకే విరామంలో ఇచ్చేస్తారు. షీల్డ్ పడకముందే పుల్ వెళ్లి తగిలి వృథా అవుతుంది. మూడుసార్లు ఆపండి, మూడుసార్లు వదలండి. సింగులారిటీ అనే మీ శక్తి మాత్రం పొరలున్నవాణ్ని కూడా కాసేపు ఉన్నచోటే తడబడేలా చేస్తుంది. గుంపుగా దూసుకొచ్చేవాళ్లను ఆపడానికి దాన్ని దాచుకోండి.

హొరైజన్‌లో ఎదురయ్యే కలెక్టర్లనే శత్రువులకు ఉండేది బ్యారియర్. ఓవర్‌లోడ్ నమ్ముకుని వెళితే కష్టం. మిరాండాను వార్ప్ కోసం, మోర్డిన్‌ను ఇన్సినరేట్ కోసం తీసుకెళ్లండి. హస్క్‌లనే శత్రువుల పసుపు పొర పోయిందంటే చాలు, ఒక్క థ్రో లేదా పుల్‌తో అవి రాలిపోతాయి. చివర్లో వచ్చే ప్రీటోరియన్ అనే పెద్ద శత్రువు, బ్యారియర్ పోయి ఆర్మర్ మీద దెబ్బ పడగానే నేలకు దిగి బ్యారియర్ మళ్లీ నింపుకుంటుంది. దగ్గర్లో ఉండకండి. అడ్డు చుట్టూ తిరుగుతూ కొట్టండి, ఒకేచోట నక్కి కూర్చుంటే మీదికే వస్తుంది.

ప్రశ్న: అందరి లాయల్టీ మిషన్లూ చేసినా, ఓడ అప్‌గ్రేడ్లన్నీ కొన్నా. అయినా చివరి మిషన్‌లో మోర్డిన్ చనిపోయినాడు. గ్రంట్, గారస్ నా వెంట వచ్చినారు, సిబ్బందిని వెనక్కి తీసుకుపోను జయీద్‌ను పంపినా. తప్పు యాడ జరిగింది?
– పాఠకురాలు, ధర్మవరం

జవాబు: (రెండో భాగం ఇంకా పూర్తిచేయనివారు ఈ జవాబు వదిలేయండి.) మీరు బలమైనవాళ్లను ముగ్గురినీ, చివరి పోరులో మిగతావాళ్లు కాపలా కాసే వాకిలి దగ్గర నుంచి తీసేశారు. మీరు ముందుకు వెళ్లాక వెనక నిలబడి కాపాడేవాళ్లకు ఆట లోపల ఒక లెక్క వేస్తుంది. లాయల్టీ ఉంటే గ్రంట్, గారస్, జయీద్‌లకు తలా 4. జాకబ్, మిరాండా, థేన్, సమారా, లీజియన్‌లకు 2. మోర్డిన్, టాలీ, జాక్, కసుమిలకు 1. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది మిగిలితే సగటు 2 ఉండాలి. మీ దగ్గర మిగిలిన తొమ్మిదిమంది మొత్తం 14, సగటు ఒకటిన్నరకు కాస్త పైన. ఒకరు పోవాల్సిందే. చనిపోయేవాళ్ల వరుసలో మొదటి పేరు మోర్డిన్‌దే.

ఈసారి మోర్డిన్‌ను సిబ్బందితో పంపండి, టాలీనీ జాక్‌నూ మీ వెంట తీసుకెళ్లండి. మిగిలినవాళ్ల మొత్తం 23, సగటు రెండున్నర దాటుతుంది. మోర్డిన్ పాటలు పాడే శాస్త్రవేత్త, అతన్ని ముందు వరుస సైనికుడిగా నిలబెట్టకూడదు. తలుపులు తెరవడానికి గొట్టంలోకి టాలీ, లీజియన్, కసుమిల్లో ఒకరినీ, జట్టును కాపాడే బయోటిక్ గోళానికి సమారానో జాక్‌నో, రెండుసార్లూ జట్టు నాయకత్వానికి గారస్, మిరాండా, జాకబ్‌లలో ఒకరినీ ఎంచుకోవాలన్నది మారదు. సిబ్బంది అపహరణ జరిగాక ఇంకే మిషన్‌కూ పోకుండా నేరుగా ఒమేగా-4 రిలేకు (చివరి మిషన్‌కు దారి) వెళితేనే సిబ్బంది అందరూ బతుకుతారు.

ప్రశ్న: జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. అరగంట బాగా నడిచి తర్వాత ఆట ఈడుస్తుంది. ఎండాకాలంలో మరీ ఎక్కువ. కొత్తది కొనాల్నా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: కొనక్కర్లేదు. ఈ ఆటకు కనీస అవసరం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 760. మీ కార్డు సరిపోతుంది. అరగంట తర్వాతే మందగిస్తోందంటే వేడి సంగతి. ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటబోతుంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం గదిలోనే 38 డిగ్రీలుంటే ఫ్యాన్ లోపలికి లాగేది కూడా వేడిగాలే.

పరుపు మీద, ఒళ్లో పెట్టకండి. వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెట్టండి. సీమ దుమ్ముకు ఏడాదికోసారైనా ఫ్యాన్ శుభ్రం చేయించాలి. గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అతివేగంగా తిరిగి పాడవుతుంది. ఫ్రేమ్‌లను 60 దగ్గర ఆపండి. ఆంబియంట్ అక్లూజన్ (నీడలను మెరుగుపరిచే సెట్టింగు) తీసేయండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే విండోస్ పవర్ సెట్టింగులలో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 99 శాతానికి మార్చి చూడండి. టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగి వేడి బాగా తగ్గుతుంది.

ఒకటి గమనించండి: కరెంటు పోయిన క్షణంలోనే వేగం పడిపోతే అది వేడి వల్ల కాదు. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకు పూర్తి కరెంటు అందదు. అప్పుడు సేవ్ చేసి ఆపేయడమే మంచిది.

ప్రశ్న: ఈ ఆటను మొబైల్ డేటాతో దించుకోవచ్చునా?
– పాఠకుడు, గుంతకల్లు

జవాబు: డిస్కులో 120 జీబీ ఖాళీ కావాలి. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ఆ మాత్రం దించాలంటే రెండు నెలలు. 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న మిత్రుడి ఇంట్లో ఏడు గంటల లోపే. రాత్రి పడుకునే ముందు పెట్టండి.

ప్రశ్న: మూడో భాగంలో నా అడెప్ట్ శక్తులు చాలా ఆలస్యంగా రీఛార్జ్ అవుతున్నాయి.
– పాఠకుడు, రాయచోటి

జవాబు: మీరు మోస్తున్న తుపాకులు దించండి. మూడో భాగంలో బరువును బట్టే రీఛార్జ్. తేలికైన పిస్టల్ ఒక్కటే ఉంచుకుంటే బోనస్ 200 శాతం దాకా చేరుతుంది. అప్పుడు 8 సెకన్ల వార్ప్ దాదాపు 2.7 సెకన్లకే మళ్లీ సిద్ధం. మిషన్ మొదలయ్యే ముందు ఆయుధాల తెరలో ఆ శాతం కనిపిస్తుంది. అది చూసుకునే బయల్దేరండి.